రైలు తప్పితే ఇంటికి ఫోన్ చేస్తారా? ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అక్కకు 16 ఏళ్లు, తమ్ముడికి 13. సెలవులకు పెద్దమ్మ ఇంటికి వెళ్లాలి. పగటి రైలు. మధ్యలో ఒక జంక్షన్‌లో దిగి ఇంకో రైలు ఎక్కాలి. తల్లికీ తండ్రికీ ఆ వారం సెలవు దొరకలేదు. పిల్లలిద్దరినీ పంపడమా మానడమా అన్న మాట ఇంట్లో కొన్నాళ్లు నలిగింది. చివరకు అమ్మాయి ఫోన్‌లో ట్రాకింగ్ యాప్ పెట్టి తీరాలన్న తండ్రి పట్టుదల దగ్గర పెద్ద గొడవై కూర్చుంది. "అయితే నేను వెళ్లనే వెళ్లను" అని ఆ పిల్ల గది తలుపు వేసుకుంది. "అయితే మానెయ్" అని ఆయనా అన్నారు. ఆ దశలో తల్లి నాకు ఫోన్ చేశారు.

నేను కౌమార వయసు పిల్లలతోనూ వాళ్ల కుటుంబాలతోనూ పనిచేసే కౌన్సెలర్‌ని. ప్రయాణ జాగ్రత్తలు తెలుసుకుందామని నా దగ్గరికి ఎవరూ రారు. పోట్లాడుకున్నాక వస్తారు. వీళ్లూ అలాగే వచ్చారు. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేశాను. నలుగురూ చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

అబ్బాయికి ఉబ్బసం ఉంది. దుమ్ములో తిరిగినా, పరిగెత్తినా పిల్లికూతలు మొదలవుతాయి. ఇన్‌హేలర్ వాడతాడు. అమ్మాయికి ఆరోగ్య సమస్యలేవీ లేవు. పెద్దవాళ్లు తోడు లేకుండా ఇద్దరూ ఊరు దాటడం ఇదే మొదటిసారి.

తండ్రి తెచ్చిన కాగితం

మొదటిసారి వచ్చినప్పుడు తండ్రి ఒక కాగితం మడత విప్పి నా ముందు పెట్టారు. టైపు చేసి మరీ తెచ్చారు. కొత్తవాళ్లతో మాట్లాడకూడదు. ఎవరేం ఇచ్చినా తినకూడదు. మధ్యలో ఎక్కడా దిగకూడదు. ఆటలాడి ఫోన్ ఛార్జింగ్ అయిపోగొట్టకూడదు. గంటగంటకూ ఫోన్ చేయడం మరిచిపోకూడదు.

ఒక్కటీ తప్పు మాట కాదు. "ఇన్ని చెప్పినా వీటిలో ఏదో ఒకటి జరిగిపోయిందనుకోండి. దిగకూడని చోట దిగిపోయారు. అప్పుడేం చేయాలో ఎక్కడ రాశారు?" అని అడిగాను. ఆయన కాగితం తిప్పి చూశారు. వెనక వైపు ఖాళీ. "అలా జరగకూడదనే కదండీ ఇదంతా రాసింది" అన్నారు.

ఆ తర్వాత మేం చేసిన పనంతా దాదాపుగా ఆ వెనక వైపు నింపడమే.

అమ్మాయి చెప్పింది

పిల్లలతో విడిగా మాట్లాడే ముందు నేను హద్దులు చెప్పేస్తాను. ప్రాణానికో ఒంటికో హాని ఉందనిపిస్తే తప్ప ఇక్కడి మాట ఇంటికి చేరదు. ఆ మాట విన్నాక అమ్మాయి కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, అంతకు ముందు సంవత్సరం సంగతి బయటపెట్టింది. స్కూల్లో ఏదో పోటీ అయ్యాక ఇంటికి వస్తూ తప్పు బస్సు ఎక్కింది. తెలుసుకునేసరికి బస్సు ఊరి చివర ఆగిపోయింది. చీకటి పడింది. ఫోన్‌లో ఛార్జింగ్ కొద్దిగానే ఉంది. ఎవరో ఒకాయన కారు ఆపి దింపుతానన్నాడు. ఎక్కబోయి, ఎందుకో ఆగిపోయింది. ఉన్న ఆ కాస్త ఛార్జింగ్‌తో స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆ పిల్ల వాళ్ల అక్క వచ్చి తీసుకెళ్లింది. ఇంట్లో మాత్రం పోటీ ఆలస్యమైందని చెప్పింది.

"ఇంటికి ఎందుకు ఫోన్ చేయలేదు?"

"చేస్తే నాన్న పరిగెత్తుకుని వచ్చేవారు మేడమ్. కానీ ఆ తర్వాత నన్ను ఇంకెక్కడికీ పంపించేవారు కాదు."

ఈ కేసులో అసలు సమస్య ఈ జవాబులోనే ఉంది. తండ్రి దృష్టిలో ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు, ఇప్పుడే కొత్తగా ముప్పు వస్తోంది. నిజానికి ముప్పు ఒకసారి గుమ్మం దాకా వచ్చి వెళ్లింది, ఆయనకు తెలియదు. ఎందుకు తెలియలేదంటే, తెలిస్తే ఆయన ఏం చేస్తారో అమ్మాయికి తెలుసు కాబట్టి.

స్వీడన్‌లో పనిచేసిన హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే పరిశోధకులు 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ పరిశీలించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో, ఎవరితో ఉంటున్నారో తల్లిదండ్రులకు ఎలా తెలుస్తోందన్నది వాళ్ల ప్రశ్న. అప్పటిదాకా 'నిఘా' అని పేరు పెట్టి లెక్కవేస్తున్నదాంట్లో ఎక్కువ భాగం నిఘా వల్ల రాలేదని, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే వచ్చిందని తేలింది. ఆరా తీయడం, కట్టడి చేయడం కంటే పిల్లలు నోరు విప్పడమే తల్లిదండ్రులకు ఎక్కువ తెలిపింది. యాప్ గురించి నా ఆలోచన కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. పిల్లవాడు ఏ వీధిలో ఉన్నాడో యాప్ చూపిస్తుంది. ఆ వీధిలో అతనికి ఎదురైన చిక్కు ఏమిటో చూపించదు. ఫోన్ ఆగిపోతే ఆ మొదటిదీ చూపించదు.

బస్సు సంగతి ఇంట్లో చెప్పమని నేను ఒత్తిడి చేయలేదు. జరిగిపోయిన విషయం, ఇప్పుడు ముప్పు లేదు. చెప్పే రోజు అమ్మాయే ఎంచుకోవాలి. కానీ నేనేం చేయాలో తెలిసింది. ఈసారి చిక్కు వస్తే మొదటి ఫోన్ ఇంటికే రావాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎవరి భయం వాళ్లది

నలుగురినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాను: ఈ ప్రయాణంలో నీకు అన్నిటికంటే భయం దేని గురించి? తల్లి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నారు. తండ్రి, ఫోన్ తీయకపోతే ఏం చేయాలన్నారు. అమ్మాయి కొంచెం మొహమాటపడి, రైల్లో నెలసరి వస్తే పక్కన తమ్ముడు తప్ప ఎవరూ ఉండరని చెప్పింది. తల్లికి ఈ ఆలోచనే రాలేదు. అబ్బాయి ఇంకా చిన్న గొంతుతో, రైల్లో బాత్రూమ్‌కు ఒక్కడినే వెళ్లాలంటే భయమన్నాడు. తలుపు గడియ పడిపోతే రైలు వెళ్లిపోతుందని వాడి అనుమానం. "రైలు ఎక్కడికి వెళ్లినా నువ్వు అందులోనే ఉంటావు కదరా" అని అక్క అనేసరికి వాడికే నవ్వొచ్చింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు.

పెద్దవాళ్ల భయాలకూ జరిగే వాటికీ మధ్య ఎప్పుడూ ఇంత దూరం ఉంటుంది. రైలు తప్పడం, ఫోన్ పోవడం, డబ్బు చాలకపోవడం, కడుపునొప్పి, పిల్లలిద్దరూ చెరో దారి పట్టడం: నా దగ్గరికి వచ్చేవి చాలావరకు ఇవే. ప్రాణాల మీదికి వచ్చేది ఏమిటని అడిగితే జవాబు ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 29 ఏళ్లవాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలు.

అందుకే ప్రయాణాన్ని ఇంటి గుమ్మం నుంచి పెద్దమ్మ గుమ్మం దాకా మెట్టుమెట్టుగా చెప్పమన్నాను. చివరి మెట్టు దగ్గర తల్లి, "అక్కడ భయమేం లేదు, మా అక్క కొడుకే బైక్ మీద వచ్చి తీసుకెళ్తాడు" అన్నారు. 19 ఏళ్ల కుర్రాడు, ఇద్దరు పిల్లలు, రెండు బ్యాగులు, ఒక బైకు, ఒకే హెల్మెట్. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించిన భాగం అదే. మోటారు సైకిల్ ప్రమాదాల్లో హెల్మెట్ ఉంటే మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతుందని, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన కొక్రేన్ సమీక్ష చెబుతోంది. తల్లి అక్కడి నుంచే వాళ్ల అక్కకు ఫోన్ చేశారు. కారు ఏర్పాటైంది. రెండు నిమిషాల పని.

తెలిసినవాళ్ల ఇల్లు అన్న ధీమా గురించి ఇంకో మాట కూడా మాట్లాడుకోవలసి వచ్చింది. పిల్లల మీద లైంగిక వేధింపులకు పాల్పడేవాళ్లలో ఎక్కువమంది పిల్లలకు ముందే తెలిసినవాళ్లే. ఆ ఇంటి మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు, నేను రేపలేదు కూడా. ఇద్దరు పిల్లలకూ, అవును, అబ్బాయికి కూడా, ఒకటే చెప్పించాను: ఎక్కడున్నా, ఎవరి ఇంట్లో ఉన్నా, కారణం చెప్పకుండా "వచ్చి తీసుకెళ్లండి" అనే హక్కు మీకుంది. పక్కన ఎవరైనా ఉండి విడిగా మాట్లాడలేకపోతే వాడుకోవడానికి నలుగురూ కలిసి మామూలుగా వినిపించే ఒక వాక్యం కుదుర్చుకున్నారు. ఆ వాక్యం ఏమిటో నేను అడగలేదు.

ఫోన్ రిహార్సల్

ఇది చెప్పినంత తేలిక కాదు. తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి, నేను అమ్మాయినైనట్టు నటించాను.

"నాన్నా, రైలు తప్పిపోయింది."

"ఎలా తప్పింది? నేను ముందే చెప్పానా లేదా?"

ఆగమన్నాను. పక్కనే కూర్చున్న అమ్మాయి తల వంచుకుంది. ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు ఆయనకు నిజంగా తెలియాల్సింది ఏమిటని అడిగాను. ఎక్కడున్నారు, ఇద్దరూ కలిసే ఉన్నారా, దెబ్బలేమైనా తగిలాయా, అంతే. "ఎలా" అన్నది ఆ నిమిషంలో ఎవరికీ పనికిరాదు. మళ్లీ మొదలుపెట్టాం.

"నాన్నా, రైలు తప్పిపోయింది."

"అయ్యో... సరే, ఎక్కడున్నారు? తమ్ముడు నీ దగ్గరే ఉన్నాడా? అసలు నువ్వు టైమ్ చూసుకోకుండా..."

నవ్వు ఆగలేదు, ఆయనకు కూడా. ఇంకొన్ని సార్లు పడ్డాక ఒక వాక్యం కుదిరింది: "ఫోన్ చేసి మంచి పని చేశావమ్మా. ఎక్కడున్నారు? ఇద్దరూ కలిసే ఉన్నారా?" ఆయన దాన్ని చొక్కా జేబులోని చీటీ మీద రాసుకున్నారు. టైపు చేసిన కాగితం కంటే ఆ చీటీ మీదే నాకు ఎక్కువ నమ్మకం కుదిరింది.

దీంతో పాటు ఒక ఒప్పందం కుదిరింది. ప్రయాణంలో ఏం జరిగినా, ఎవరి తప్పైనా, పిల్లలు క్షేమంగా ఒక చోటికి చేరి 24 గంటలు గడిచేదాకా దాని మీద విచారణ ఉండదు. తర్వాత ఉంటుంది. పిల్లలు చేసిన పొరపాటుకు అసలు జవాబు చెప్పనక్కర్లేదని నేను అనలేదు. తల్లిదండ్రులు ఇక్కడే జంకుతారు, అలుసిచ్చినట్టు అవుతుందని. నేను మార్చమన్నది కోప్పడే సమయం మాత్రమే.

కాగితం వెనక వైపు

జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో చేసిన పరిశోధనల సారం నాకు రోజూ పనికొస్తుంది. "జాగ్రత్తగా ఉంటాను" అనుకున్నవాళ్ల కంటే, "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని రెంటినీ ముందే ముడివేసుకున్నవాళ్లు అవసరం వచ్చినప్పుడు ఆ పని చేసే అవకాశం ఎక్కువ. కంగారులో కొత్తగా ఆలోచించనక్కర్లేదు కాబట్టి. అందుకని వెనక వైపు వాక్యాలన్నీ "అయితే" మీద ఆధారపడ్డాయి. రాసింది నేను కాదు, పిల్లలే. దస్తూరీ అక్కది, గీతలు కొట్టి దిద్దింది తమ్ముడు.

ఒకరు రైల్లో, ఒకరు ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోతే? కింద ఉన్నవాళ్లు కదలరు. రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి, స్టేషన్ సిబ్బంది దగ్గరికి వెళ్లి అక్కడే ఉంటారు. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ బయల్దేరితే ఎప్పటికీ కలవరు. ఒకరైనా నిలబడి ఉండాలి.

సాయం కావాలంటే ఎవరిని అడగాలి? ఇక్కడ తండ్రిగారి మొదటి నియమం పూర్తిగా ఎగిరిపోయింది. రైలు తప్పిన పిల్లలు కొత్తవాళ్లతో మాట్లాడక తప్పదు. మనిషిని ఎవరు ఎంచుకుంటున్నారన్నది చూసుకోవాలి. వందమందిలోంచి మీరు ఏరుకున్న మనిషి చెడ్డవాడయ్యే అవకాశం చాలా తక్కువ. ఆ వందమందిలోంచి మిమ్మల్ని ఏరుకుని తనంతట తాను వచ్చినవాడి విషయం అలా కాదు. అందుకని కౌంటర్ వెనక కూర్చున్న ఉద్యోగి, యూనిఫామ్‌లో ఉన్నవాళ్లు, పిల్లలతో ప్రయాణిస్తున్న తల్లి: వీళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. దగ్గరికి వచ్చినవాళ్లకు "నాన్న టికెట్ల కోసం వెళ్లారు, వచ్చేస్తున్నారు" అని చెప్పేయండి. అబద్ధమాడమంటున్నారా అని తల్లి అడిగారు. అవునన్నాను.

ఎవరైనా వెంటపడినా, చెయ్యి పట్టుకున్నా "కాపాడండి" అని గాలిలోకి అరిస్తే చాలదు. మనస్తత్వవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే 1968లో ప్రచురించిన ప్రయోగంలో, ఆపదలో ఉన్న మనిషి గొంతు విన్నది తానొక్కడే అనుకున్నవాళ్లు వెంటనే కదిలారు. ఇంకా చాలామంది వింటున్నారనుకున్నవాళ్లు తటపటాయించారు. అందువల్ల ఒక్క మనిషిని గుర్తుపట్టి పిలవాలి: "నీలం చొక్కా అంకుల్, మిమ్మల్నే, ఈయన ఎవరో మాకు తెలియదు!" అబ్బాయి దీన్ని నా గదిలో ఎంత గట్టిగా సాధన చేశాడంటే, పక్క గదిలో ఉన్నవాళ్లు తలుపు తీసి చూశారు.

అమ్మ నంబరు చెప్పమంటే వాడు ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చూడకుండా చెప్పమన్నాను. రాలేదు. అక్కకు సగం వచ్చింది. నంబర్లన్నీ ఫోన్ గుర్తుపెట్టుకుంటున్న ఈ కాలంలో ఇది అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. ఇద్దరూ రెండు నంబర్లు కంఠస్థం చేశారు. అవే నంబర్లు కాగితం మీద రాసి ఇద్దరి లోపలి జేబుల్లోనూ పెట్టుకున్నారు. అత్యవసర నంబరు కూడా నేర్చుకున్నారు. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది. ఐరోపాలో దాన్ని ఉమ్మడి నంబరుగా 1991లో నిర్ణయించారు. లాక్ వేసి ఉన్న ఫోన్‌లోంచి కూడా అత్యవసర కాల్ చేయవచ్చన్న సంగతి ఆ పిల్లలకు తెలియదు. చేసి చూపించకుండా, ఆ మీట ఎక్కడుంటుందో మాత్రం చూపించాను.

ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, ప్యాంటు జేబులో. రెండోది అక్క దగ్గర. టికెట్ ఫొటో ఎక్కడా పెట్టవద్దు. దాని మీద పేరు, రిజర్వేషన్ నంబరు, బయల్దేరే వేళ అన్నీ ఉంటాయి. ప్రయాణం ఫొటోలు ఇల్లు చేరాక పెట్టుకోవచ్చు. చీకటి పడ్డాక కొత్త బండి ఎక్కవద్దు, ఉన్నచోటే ఉండి ఫోన్ చేయాలి. నెలసరి సామాను అమ్మాయి చేతి సంచిలో, విడిగా ఒక పౌచ్‌లో. తమ్ముడికి ఆ పౌచ్ సంగతి తల్లి మామూలు మాటల్లో చెప్పేశారు. వాడు "ఓహో" అని ఊరుకున్నాడు.

యాప్ గురించి: బయల్దేరినప్పుడు అమ్మాయే లొకేషన్ షేరింగ్ ఆన్ చేస్తుంది, పెద్దమ్మ ఇల్లు చేరాక ఆఫ్ చేస్తుంది. ఆ మీట ఆమె చేతిలోనే ఉంటుంది. గంటగంటకూ ఫోన్ బదులు, ఎక్కినప్పుడు, దిగినప్పుడు, మారినప్పుడు ఒక్క మెసేజ్.

ఈ పిల్లలు విమానం ఎక్కలేదు, దేశం దాటలేదు కాబట్టి ఆ ఏర్పాట్లు మాకు అవసరం పడలేదు. అవసరమైనవాళ్లకు రెండు ముక్కలు. ఒంటరిగా వచ్చే పిల్లలను సిబ్బంది పర్యవేక్షణలో మాత్రమే ఎక్కించుకునే వయసు కొన్ని విమాన సంస్థల్లో 11 ఏళ్ల దాకా, కొన్నింట్లో 14 దాకా ఉంటుంది. టికెట్ కొనేముందే అడగాలి. సరిహద్దు దగ్గర తల్లిదండ్రుల సమ్మతి పత్రం అడగవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లలను అక్రమంగా దేశం దాటించకుండా 1980లో హేగ్ ఒప్పందం కుదిరాక చాలా దేశాల్లో ఈ జాగ్రత్త పెరిగింది. సంతకాలు ఇద్దరివీ ఉంటే మంచిది. ఇంకొకటి, 18 నిండనివాళ్లకు చాలా హోటళ్లు గది ఇవ్వవు. విమానం తప్పితే రాత్రి ఎక్కడ ఉండాలన్నది ముందే తేల్చుకోవాలి.

ప్రయాణం రోజు

మొదటి రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోయి జంక్షన్‌కు రెండు గంటలకు పైగా ఆలస్యంగా చేరింది. ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది. తర్వాతిది సాయంత్రం. అది ఎక్కితే దిగేసరికి అర్ధరాత్రి దగ్గరపడుతుంది.

అదే రైలు తప్పిన కాలేజీ విద్యార్థులు నలుగురు ప్లాట్‌ఫామ్ మీదే ఒక వ్యాన్ మాట్లాడుకున్నారు. "మీరూ రండి, రెండు సీట్లున్నాయి" అని పిలిచారు. వాళ్లు బహుశా మంచివాళ్లే. తమ్ముడికి వెళ్లాలని ఉంది, వాళ్ల దగ్గర గిటార్ ఉందట. అమ్మాయి "నాన్న వచ్చేస్తున్నారు" అని చెప్పి, తమ్ముణ్ని పక్కకు తీసుకెళ్లి ఇంటికి ఫోన్ చేసింది. ఛార్జింగ్ పుష్కలంగా ఉంది. స్నేహితురాలికి కాదు, ఇంటికి. ఈ కేసులో నేను ఎదురుచూసింది ఈ ఒక్క దానికోసమే.

తండ్రి చీటీలోని వాక్యం చెప్పారు. "గొంతు వణికింది మేడమ్, కానీ అరవలేదు" అంది ఆ పిల్ల తర్వాత. ఆయన అప్పటికప్పుడు పెద్దమ్మకు ఫోన్ చేశారు. ఆవిడ కారులో జంక్షన్‌కు బయల్దేరారు. వచ్చేసరికి మూడు గంటలు పడుతుంది. పిల్లలు విచారణ కౌంటర్ దగ్గరికి వెళ్లి తాము ఎవరో, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో చెప్పి, కౌంటర్‌కు కనబడే బెంచీ మీద కూర్చున్నారు.

తర్వాత జరిగింది కాగితంలో లేదు. తమ్ముడు బాత్రూమ్‌కు వెళ్లాడు, ఒక్కడే, ధైర్యం చేసి. బయటికి వచ్చి ఇంకో ద్వారం గుండా నడిచాడు, బెంచీ కనబడలేదు. ఇక్కడ పది నిమిషాలు చూసి అక్క లేచి వెతకడం మొదలుపెట్టింది. రైలు గురించి రాసుకున్న నియమం స్టేషన్ హాలుకు కూడా వర్తిస్తుందని ఆమెకు తట్టలేదు. తమ్ముడికి తట్టింది. నిలబడిపోయాడు. కాసేపటికి దగ్గర్లో కనబడిన ఉద్యోగి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాడు. రెండు నిమిషాల్లో అమ్మాయి పేరు, తండ్రి పేరుతో సహా, స్టేషనంతా మైకులో మోగింది. భయం కంటే సిగ్గే ఎక్కువ వేసిందని ఆమె నాతో చెప్పింది. ఆ హడావుడిలో తమ్ముడికి పిల్లికూతలు వచ్చాయి. ఇన్‌హేలర్ జేబులోనే ఉంది, వైద్యుడు చెప్పినట్టు వాడుకున్నాడు, తగ్గింది.

పెద్దమ్మ వచ్చారు. ఎవరు తీసుకెళ్లడానికి వచ్చినా ముందుగా అనుకున్న గుర్తు మాట చెప్పాలని ఒక నియమం ఉంది. ఆవిడకు అది గుర్తులేదు. చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచిన పెద్దమ్మ అని తెలిసి కూడా, మాట చెప్పందే కారెక్కనని వాడు భీష్మించుకున్నాడట. ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి ఆ మాట కనుక్కోవలసి వచ్చింది.

తర్వాత

24 గంటల గడువు తర్వాత తండ్రి మాట్లాడారు. బెంచీ దగ్గరి నుంచి లేవడం గురించి మాత్రమే అడిగారు. అమ్మాయి ఒప్పుకుంది. 'ప్లాట్‌ఫామ్' అన్న మాట కొట్టేసి 'ఎక్కడైనా' అని రాసింది. తమ్ముడు బాత్రూమ్ నియమం ఒకటి చేర్చాడు: వెళ్లిన ద్వారం గుండానే తిరిగి రావాలి.

కొన్ని వారాలకు ఒక రాత్రి, ఎవరూ అడగకుండానే, అమ్మాయి ఆ పాత బస్సు సంగతి తండ్రికి చెప్పింది. ఆయన "ఇన్నాళ్లూ ఎందుకు..." అని మొదలుపెట్టి, ఆగి, "ఇప్పుడైనా చెప్పావు" అన్నారట. ఆ తర్వాత చాలాసేపు నిద్రపట్టలేదని నాతో అన్నారు. కారు ఎక్కబోయి ఆగిందన్న ముక్క ఆయన్ని వదలలేదు. లొకేషన్ షేరింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలన్న కోరిక మళ్లీ తెరమీదికి వచ్చింది. అమ్మాయి ఒప్పుకోలేదు. ఊరు దాటినప్పుడూ, రాత్రి 8 దాటాక బయట ఉన్నప్పుడూ అన్న చోట ప్రస్తుతానికి ఇద్దరూ ఆగారు. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తోంది. మూడు నెలలకోసారి మళ్లీ చూసుకుంటామన్నారు.

అబ్బాయి విషయంలో ఒకటి మిగిలి ఉంది. అక్క లేని ప్రయాణం వాడు ఇంకా ఊహించుకోలేకపోతున్నాడు. మైకులో పేరు మోగించింది తనేనన్న గర్వం ఉన్నా, తొందరపెట్టదలచుకోలేదు. ముందు ఊళ్లోనే, తెలిసిన దారిలో, ఒక్కడే వెళ్లి రావడంతో మొదలుపెడుతున్నాం.

అమ్మాయి ముందున్నది వేరే రకం ప్రయాణం. బాస్కెట్‌బాల్ జట్టుతో, కోచ్ పర్యవేక్షణలో. తల్లిదండ్రులకు ఇది తమ్ముడితో వెళ్లడం కంటే సురక్షితంగా కనిపిస్తోంది, పెద్దవాళ్లు తోడుంటారని. నేను అంత ధీమాగా లేను. మనస్తత్వవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడిన 13 నుంచి 16 ఏళ్లవాళ్లు ఒంటరిగా ఉన్నప్పటి కంటే తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ సాహసాలు చేశారు. 24 ఏళ్లు దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. వ్యాన్ దగ్గర అమ్మాయి చెప్పిన "కాదు" తమ్ముడి ముందు చెప్పినది. పదిమంది జట్టువాళ్లు "పద, కోచ్‌కు తెలియదులే" అన్నప్పుడు అదే మాట అంత సులువుగా నోటికి రాదు.

కాబట్టి ఇప్పుడు మేం సాధన చేస్తున్నది పరువు పోకుండా తప్పుకునే దారులు. ఒక ఖాళీ మెసేజ్ ఇంటికి పంపితే, రెండు నిమిషాల్లో తండ్రి ఫోన్ చేసి, పక్కవాళ్లకు వినబడేంత గట్టిగా, వెంటనే గదికి వెళ్లమని కోప్పడతారు. "మా నాన్న గురించి మీకు తెలుసుగా" అని ఆమె విసుక్కుంటూ బయటపడవచ్చు. ఈ ఏర్పాటు చెప్పినప్పుడు తండ్రి, "ఇన్నాళ్లూ కోప్పడొద్దన్నారు, ఇప్పుడు కోప్పడమంటున్నారు. దీనికి రిహార్సల్ అక్కర్లేదండీ" అన్నారు.

కోచ్‌తో మాట్లాడవలసినవి ఇంకా ఉన్నాయి: బస ఎక్కడ, గదికి ఎంతమంది, అమ్మాయిల వైపు ఉండే పెద్దవాళ్లు ఎవరు, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, బస్సులో సీట్ బెల్టులు ఉన్నాయా. ఆ చివరి ప్రశ్న తల్లి తనంతట తానే జాబితాలో చేర్చారు.